ఏడేళ్లలో ఆరుగురు హెడ్మాస్టర్లు

కందుకూరు బస్టాండుకు కాస్త దూరంలో నాకొక చిన్న జిరాక్సు కొట్టు ఉంది. జిరాక్సుతో పాటు ఆన్‌లైన్ దరఖాస్తులు, పాన్ కార్డులు, పరీక్ష ఫీజుల వంటి పనులు కూడా అక్కడే జరుగుతాయి. ఉపాధ్యాయుల బదిలీలు ఉన్న సంవత్సరం మే, జూన్ నెలలు వచ్చాయంటే నా కొట్టు సగం స్టాఫ్ రూము అయిపోతుంది. వెబ్ ఆప్షన్లకు చివరి రోజు రాత్రి పదకొండు గంటలకు కూడా నలుగురైదుగురు టీచర్లు ఖాళీల జాబితా ప్రింటు తీయించుకుని, ఏ బడి రోడ్డు పక్కన ఉంది, ఏ బడికి షేర్ ఆటో దొరుకుతుంది, ఒంగోలు నుంచి వచ్చే రైలు దిగితే ఏ ఊరు దగ్గరవుతుంది అని మాట్లాడుకుంటూ పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటారు. ఆ జాబితాలో ఒక్కోసారి మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పేరు కూడా ఉంటుంది. ఆ పేరు దగ్గర ఆగకుండా కిందికి జరిగిపోయిన పెన్సిళ్లను నేను చాలా చూశాను. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. బస్సు దిగాక రెండున్నర కిలోమీటర్లు లోపలికి నడవవలసిన ఊరు మాది.

మా అమ్మాయి 2018 జూన్‌లో ఆ బడిలో ఒకటో తరగతిలో చేరింది. అబ్బాయి 2021లో చేరి ఇప్పుడు అయిదో తరగతి చదువుతున్నాడు. ఈ ఏడేళ్లలో ఆ బడి హెడ్మాస్టరు కుర్చీలో, కొందరు నిజంగానూ ఒకరు కాగితం మీదనూ, మొత్తం ఆరుగురు కూర్చున్నారు. 2021 నుంచి తల్లిదండ్రుల కమిటీలో సభ్యుడిగా ఉన్నందువల్ల వాళ్లలో సగానికి పైగా మందిని దగ్గర నుంచి చూసే అవకాశం నాకు దొరికింది. ఎవరి మీదా నాకు పగ లేదు కనుక మనుషుల పేర్లు గానీ, ఊరి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు.

హైస్కూలు హెడ్మాస్టరును మాత్రమే ఎరిగినవాళ్లకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. అక్కడ ఆయనకు ఒక గది, గుమాస్తా, అటెండరు ఉంటారు. ప్రాథమిక బడిలో హెడ్మాస్టరు అంటే మొదట ఒక తరగతి టీచరు, ఆ పైన హెడ్మాస్టరు. ఆయన నల్లబల్ల మీద గుణింతం రాస్తుండగానే బియ్యం ఆటో వచ్చి గేటు దగ్గర ఆగుతుంది, గుడ్లు ఎన్ని వచ్చాయో ఎన్ని పగిలాయో లెక్క చూడాలి, టి.సి. కోసం ఎవరో వచ్చి నిలబడతారు, యాప్‌లో హాజరు వేయాలి, భోజనం ఫొటో పెట్టాలి. కొంతకాలం మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే తీసి పంపవలసి వచ్చింది. విద్యా హక్కు చట్టం లెక్క ప్రకారం 61 నుంచి 90 మంది పిల్లలున్న ప్రాథమిక బడికి ముగ్గురు ఉపాధ్యాయులు ఉంటే చాలు. విడిగా ఒక ప్రధానోపాధ్యాయుడు ఉండాలన్న మాట 150 మంది దాటిన బడి దగ్గరే వస్తుంది. మా బడిలో పిల్లలు డెబ్బయికి అటూ ఇటూ ఉంటారు. అయినా మాకొక హెడ్మాస్టరు పోస్టు ఉందంటే దానికి కారణం ఎల్.ఎఫ్.ఎల్. అనే మూడక్షరాలు. లో ఫిమేల్ లిటరసీ, అంటే స్త్రీల అక్షరాస్యత తక్కువగా ఉన్న చోట్ల కోసమని పుట్టించిన పోస్టు అది. మా అమ్మలకూ అత్తలకూ చదువు రాకపోవడం వల్ల ఊరికి దక్కిన కుర్చీ అని మా ఇంట్లో నవ్వుకుంటాము. ఆ పోస్టు లేని బడుల్లోనూ, ఉండి మనిషి లేని బడుల్లోనూ, ఉన్న ఎస్.జి.టి.లలో, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్లలో, సీనియరే తన తరగతి తాను చెప్పుకుంటూ ఇన్‌చార్జిగా ఆ పని చూస్తారు. ఈ ఇన్‌చార్జి అన్న మాటను మర్చిపోకండి. నేను చెప్పదలచుకున్నదంతా చివరికి దాని చుట్టే తిరుగుతుంది.

మా అమ్మాయి చేరేనాటికి ఉన్న పెద్దాయన ఆ బడిలో చాలా ఏళ్లుగా ఉన్నారు. నిజం చెప్పాలంటే ఆయన పాఠం మీద శ్రద్ధ వదిలేసి అప్పటికే చాలా కాలమైంది. వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు తిరగేస్తూ, నాలుగో తరగతి పిల్లల చేత ఒకటో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పించేవారు. కానీ ఊరిలో ఆయనకు తెలియని గడప లేదు. ఏ పిల్లవాడి తండ్రి బేల్దారి పనికి హైదరాబాదు వెళ్లాడో, ఏ పిల్లను వాళ్ల అమ్మమ్మ సాకుతోందో, ఎవరికి రాత్రిపూట కళ్లు సరిగా కనిపించవో ఆయనకు నోటికి వచ్చు. వరసగా మూడు రోజులు ఎవరైనా బడికి రాకపోతే మనిషిని పంపేవారు కాదు, తానే వెళ్లి గడప ముందు నిలబడి కేక వేసేవారు. 2019లో ఆయన రిటైరయినప్పుడు సన్మానానికి చందా వేసి, ఇకనైనా బడి బాగుపడుతుందని లోలోపల సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆయన లోపాలు అందరికీ కనిపించేవి. ఆయన వెంట వెళ్లిపోయినదేమిటో మాత్రం ఆ రోజు మాలో ఎవరికీ కనిపించలేదు.

ఆ తరువాత ఏడాదిన్నర పాటు ఒక మేడం ఇన్‌చార్జిగా ఉన్నారు. ఆమె మంచి టీచరు. మా అమ్మాయికి చదవడం వచ్చింది ఆమె వల్లనే. ఇన్‌చార్జి బాధ్యత మీద పడిన కొద్ది నెలలకే, 2019 నవంబరు 14న ఒంగోలులో నాడు-నేడు పథకం మొదలైంది. మొదటి విడతలో రాష్ట్రమంతా కలిపి 15,715 బడులు తీసుకున్నారు, అందులో మాదీ ఒకటి. బడికి ఆనాడు వచ్చిన టైల్సూ, కుళాయిలూ, ఫ్యాన్లూ, గ్రీన్ బోర్డులూ చూసి ఊరు మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. అయితే సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, ఇసుక ట్రాక్టరు కోసం ఫోన్లు చేయడం, బిల్లులు అప్‌లోడు చేయడం, మేస్త్రీతో గొడవ పడడం ఆమె పనులయ్యాయి. ఆ రోజుల్లో ఒకసారి నా కొట్టుకు బిల్లులు స్కాన్ చేయించడానికి వచ్చి, "నేను రెండో తరగతికి వెళ్లి పదకొండు రోజులైందండీ" అన్నారు. ఆమె ఫిర్యాదుగా అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నారు. ఒక మంచి టీచరును తరగతి నుంచి లేపి, అధికారం లేని హెడ్మాస్టరుగా కూర్చోబెట్టడమే ఇన్‌చార్జి ఏర్పాటు. బడికి హెడ్మాస్టరు వచ్చినట్టు కాదు, టీచరు పోయినట్టు. తరువాత కరోనా వచ్చి బడి మూతబడడంతో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

2021 జనవరిలో బదిలీల మీద వచ్చినాయన గురించి కొంచెం విపులంగా రాయాలి. ఫిబ్రవరి 1న ప్రాథమిక తరగతులు తెరిచారు. దాదాపు పది నెలలు పుస్తకం ముట్టని పిల్లలు వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. ఆయన మొదటి వారంలో చేసిన పని, ఒకటో తరగతిని తాను తీసుకోవడం. మామూలుగా హెడ్మాస్టర్లు అయిదో తరగతి తీసుకుంటారు. పిల్లలు కాస్త పెద్దవాళ్లు, మధ్యలో లేచి వెళ్లినా గదిలో గొడవ కాదు, బడికి వచ్చిన అధికారికి గడగడా చదివి వినిపిస్తారు. ఒకటో తరగతిలో అలా కుదరదు. అక్కడ ఉన్నవాడు లేచి వెళ్లడానికి లేదు. ఎందుకిలా అని నేను అడిగితే, "కింద గట్టిగా పడితే పైన నేను లేకపోయినా నడుస్తుంది" అని మాత్రం అన్నారు. బియ్యం ఆటో వస్తే పావుగంట ఆగమనేవారు. ఆటోవాడు మొదట విసుక్కున్నా, తరువాత భోజనం బెల్లు వేళకే వచ్చేవాడు.

మా వైపు పొగాకు ప్రాంతం. కందుకూరులో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. ఆకు కొట్టి, కర్రలకు అల్లి, దాన్ని ఆరబెట్టే బ్యారన్‌కు ఎక్కించే రోజుల్లోనూ, ఆ తరువాత గ్రేడింగు రోజుల్లోనూ తల్లులు తెల్లవారక ముందే పనికి వెళతారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు కాపలాగా ఇంట్లో ఉండిపోతారు. ప్రతి ఏడూ ఆ నెలల్లో హాజరు పడిపోవడం, పై నుంచి మెమో రావడం, హెడ్మాస్టరు తల్లిదండ్రులను పిలిచి తిట్టడం మా బడిలో ఆనవాయితీ. ఈయన తిట్టలేదు. ఏ ఇంట్లో ఎవరు ఏ బ్యారన్ దగ్గర పనిచేస్తున్నారో రాసుకుని, సాయంత్రాలు ఆ బ్యారన్ల దగ్గరికి వెళ్లి తల్లులతో మాట్లాడి, ఊళ్లో పనికి వెళ్లలేని ఇద్దరు ముసలమ్మలను ఒప్పించి, చంటిపిల్లలను పొద్దున తొమ్మిది దాకా వాళ్ల దగ్గర, ఆ తరువాత అంగన్‌వాడీలో ఉంచే ఏర్పాటు చేశారు. "అయ్యోరా, నా కాళ్లు నొప్పులు, నలుగురు పిల్లకాయల్ని నేనెట్టా పట్టుకునేది?" అని గొణిగిన ముసలమ్మే, వారం తిరిగేసరికి ఎవరైనా చంటిబిడ్డను తీసుకురావడం ఆలస్యం చేస్తే వీధిలోకి వచ్చి పిలిచేది. ఆ ఏడు పొగాకు రోజుల్లో బడి ఖాళీ కాలేదు.

ఆయన దగ్గర ఒక పొడుగు నోటు పుస్తకం ఉండేది. అందులో పిల్లకొక పేజీ. ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వాళ్ల అమ్మ మద్రాసులో ఇళ్లల్లో పనిచేసేది. నెలకు రెండుసార్లు శనివారం రాత్రి వచ్చి సోమవారం మధ్యాహ్నం బండికి వెళ్లిపోయేది. ఆ సోమవారాలు పిల్లవాడు బడికి వచ్చేవాడు కాదు. ఆయన ఆ పేజీలో "అమ్మ వచ్చిన సోమవారం రాడు. అడగవద్దు. మంగళవారం అమ్మ ఏమి చెప్పిందో అయిదు వాక్యాలు రాయించాలి" అని రాసుకున్నారు. హాజరు పట్టీలో గైర్హాజరు అనే పడేది, అందులో మార్పు లేదు. కానీ మంగళవారం ఆ పిల్లవాడు రాసిన అయిదు వాక్యాలు తరగతిలో అందరికన్నా బాగుండేవి. పాలనాదక్షత అనీ, నాయకత్వ లక్షణాలనీ సమావేశాల్లో చాలా మాటలు వింటాము. ప్రాథమిక బడిలో అది ఇంతకన్నా పెద్ద రూపంలో కనిపిస్తుందని నేను అనుకోను.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి, మా మండలం ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. ఉపాధ్యాయుల సీనియారిటీ, బదిలీలు మాత్రం ఉమ్మడి జిల్లా లెక్కనే నడిచాయి. అప్పట్లో కలెక్టరు నెల్లూరులో, మా టీచర్ల భవిష్యత్తు ఒంగోలులో అన్నమాట. 2023 బదిలీల్లో ఆయన మార్కాపురం వైపు వెళ్లిపోయారు. భార్య అక్కడ ఉద్యోగం చేస్తున్నారు, తల్లికి ఆరోగ్యం బాగాలేదు. రెండేళ్లకు పైగా వారానికి ఒకసారి ఇంటికి వెళ్లి వచ్చిన మనిషిని ఇంకా ఉండమని అడిగే హక్కు మాకు లేదు. ఆప్షన్లు నా కొట్టులోనే పెట్టుకున్నారు. సబ్మిట్ నొక్కేముందు ఒకసారి నా వైపు చూశారు. నేను ప్రింటరులో కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

చార్జి అప్పగించే రోజు కమిటీ తరఫున నేనూ వెళ్లాను. నాలుగు పేజీల చార్జి లిస్టు. అడ్మిషన్ రిజిస్టర్లు, స్టాకు రిజిస్టర్లు, బీరువాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ గడియారం, ఆట వస్తువులు, కొలతల పెట్టె, ఆ రోజుకు నిల్వ ఉన్న బియ్యం కిలోలతో సహా, మిగిలిన బూట్ల జతలు సైజుల వారీగా. కొత్తగా వచ్చినాయన ఒక్కొక్కటీ లెక్కపెట్టి టిక్కు పెట్టారు. ఒక కుర్చీ తక్కువైతే అరగంట వెతికి, వంటగదిలో దొరికిన తరువాత గాని సంతకం చేయలేదు. ఆ నాలుగు పేజీల్లో పిల్లల గురించి ఉన్నది తరగతుల వారీగా సంఖ్య ఒక్కటే. పొడుగు నోటు పుస్తకం ఆయన సొంత డబ్బుతో కొన్నది కనుక ఆయన సంచిలోనే వెళ్లిపోయింది. దాన్ని ఇవ్వమని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు, ఇవ్వాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు. ఆ రోజు మేమంతా కుర్చీ వెతికే హడావుడిలో ఉన్నాము.

నాలుగో ఆయన గురించి రాయడానికి ఎక్కువ లేదు. చేరిన మూడో వారంలోనే ఒక కార్యాలయానికి డెప్యుటేషన్ మీద వెళ్లారు. జీతం మా బడి పోస్టు మీదనే. అందువల్ల మా బడిలో ఖాళీ లేదు. ఖాళీ లేదు కనుక జాబితాలో చూపించరు, జాబితాలో లేదు కనుక కోరుకుని రాగలవాళ్లు కూడా రాలేరు. కమిటీ తరఫున రెండు అర్జీలు పెట్టాము. రెండింటికీ రసీదు ఇచ్చారు.

ఆయన బదులు ఇన్‌చార్జి అయినది ఉన్న ఇద్దరు టీచర్లలో సీనియర్ అయిన కుర్రాయన. ఉద్యోగంలో చేరి అప్పటికి అయిదేళ్లు. మనసున్న మనిషి, పని తెలియని మనిషి, తెలియచెప్పేవాళ్లు లేని మనిషి. బడి బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్చడానికే రెండు నెలలు పట్టింది. కమిటీ తీర్మానం, ఫొటోలు, ఆధార్ నకళ్లు, తరువాత తీర్మానంలో ఒక మాట సరిగా లేదని మళ్లీ ఇంకో తీర్మానం. కమిటీ అధ్యక్షురాలు కూలిపని చేసుకునే మనిషి. బ్యాంకుకు వచ్చిన ప్రతి రోజూ ఆమెకు ఆ రోజు కూలి పోయినట్టే. నాలుగోసారి బ్యాంకు మెట్ల మీద కూర్చుని, "అన్నా, హెడ్మాస్టర్లు మారతా ఉంటే నా కూలి ఎవరిస్తారు?" అని నన్నడిగింది. ఆ రెండు నెలలు పాడైన మోటారు బాగు చేయించడానికి డబ్బు తీయలేక, వంటవాళ్లు పక్కవీధి కుళాయి నుంచి బిందెలతో నీళ్లు మోశారు. ఇవన్నీ చిన్న విషయాలే. కానీ బడి అనేది ఇటువంటి చిన్న విషయాలతోనే నడుస్తుంది, వీటితోనే ఆగిపోతుంది.

ఆ కుర్రాయన పొరపాటు చేయలేదు, నిబంధన ప్రకారమే చేశారు. హాజరు సమీక్షలో పదే పదే గైర్హాజరయ్యే పిల్లల పేర్లు అడిగితే ఆ మద్రాసు అమ్మ కొడుకు పేరు పైకి వచ్చింది. పిల్లవాణ్ణి అందరి ముందు నిలబెట్టి ఎందుకు రావడం లేదని అడిగారు. వాడు చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు అమ్మ గురించి అందరి ముందు ఏమి చెబుతాడు? అప్పటి నుంచి సోమవారాలతో పాటు మంగళవారాలు కూడా మానేశాడు. ఆ తరువాత ఒక దీపావళికి వాళ్ల అమ్మ వాణ్ణి తనతో తీసుకుపోయింది. అక్కడ ఏ బడిలో వేసిందో, వేసిందో లేదో మాకు తెలియలేదు. మా రిజిస్టరులో వాడి పేరు ఎదురుగా "వలస" అని ఉంది.

ఇలాంటివి విన్నప్పుడు చాలామంది వెంటనే బదిలీలే తప్పు అంటారు. నేనూ కొంతకాలం అలాగే అన్నాను. కొట్టులో కూర్చుని టీచర్ల మాటలు విన్న తరువాత ఆ మాట అనడం మానేశాను. బదిలీలు లేకపోతే రోడ్డు పక్క బడిలో చేరినవాళ్లు రిటైరయ్యే దాకా అక్కడే ఉంటారు, మా వంటి ఊళ్లకు వచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. 2025లో శాసనసభ ఉపాధ్యాయుల బదిలీలకు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఒకే బడిలో 8 విద్యాసంవత్సరాలు నిండిన టీచర్లు, 5 సంవత్సరాలు నిండిన హైస్కూలు హెడ్మాస్టర్లు కదలవలసిందేనని అందులో ఉంది. అది న్యాయమైన ఏర్పాటు. పైగా, ఎక్కువ కాలం ఉంటే మంచి పని జరుగుతుందన్న నియమమూ లేదు. వేపచెట్టు కింద పేపరు చదివిన పెద్దాయనే సాక్ష్యం. రెండున్నరేళ్లలో మా బడిని నిలబెట్టిన మూడో ఆయన అంతకన్నా పెద్ద సాక్ష్యం.

కనుక నా అభ్యంతరం మనిషి మారడం మీద కాదు. మారే పద్ధతి మీద, మారిన మనిషి రాకపోవడం మీద. 2020 జాతీయ విద్యా విధానం ప్రధానోపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని చెబుతోంది. మంచిదే. కానీ మా బడికి ఈ ఏడేళ్లలో సగం కాలం ఉన్నది ఇన్‌చార్జులు. వాళ్ల ఉద్యోగం పేరు ఎస్.జి.టి. శిక్షణకు పిలిచినా ఎస్.జి.టి.గానే పిలుస్తారు, భాషాబోధన నేర్పి పంపుతారు. బ్యాంకు సంతకాలు ఎలా మార్చాలో, అలిగిన వంటమనిషితో ఎలా మాట్లాడాలో, మద్రాసు అమ్మ ఉన్న పిల్లవాణ్ణి ఏమి అడగకూడదో ఎవరు నేర్పుతారు? పాతవారూ కొత్తవారూ కలిసేది చార్జి అప్పగించే ఒక్క రోజే. ఇద్దరూ కలిసి ఒక వారమైనా బడిలో తిరిగే వీలు లేదు. అదీ జూన్‌లో, బడి తెరిచే వేళకు. సెలవులు ఇచ్చే ముందు, ఏప్రిల్‌లో పిల్లలు బడిలో ఉన్నప్పుడే మనిషి ఎవరో తేలిపోతే, కొత్తవారు నాలుగు రోజులు వచ్చి తరగతుల వెనుక కూర్చుని చూసిపోవచ్చు. ఇది ఖర్చు లేని పని. ఈ మాట నేను అన్నప్పుడు కొట్టులో ఉన్న ఒక యూనియన్ నాయకుడు నవ్వి, "కోర్టు కేసులు, సీనియారిటీ లిస్టు అభ్యంతరాలు తేలేసరికే జూన్ వస్తుందయ్యా, ఏప్రిల్ ఎక్కడిది?" అన్నారు. ఆయనకు నా కన్నా బాగా తెలుసు. అయినా ఆ మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు.

2025 జూన్‌లో ఆరో హెడ్మాస్టరుగా ఒక మేడం వచ్చారు. కావలి నుంచి వచ్చి కందుకూరులో అద్దెకు ఉంటున్నారు. వచ్చిన రెండో రోజే కమిటీని పిలిచి, బడిలో ఏమేమి ఉన్నాయో కాదు, ఎవరెవరు ఉన్నారో చెప్పమన్నారు. మాకు తెలిసినంత చెప్పాము, అది చాలలేదు. అప్పుడు నేను మార్కాపురం వెళ్లినాయన నంబరు ఇచ్చాను. ఆ సాయంత్రం ఇద్దరూ గంటకు పైగా మాట్లాడుకున్నారు. మరునాడు ఆమె కాస్త నిరాశగా, "ఆయనకు అంతా గుర్తుంది. కానీ ఆయనకు తెలిసిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు" అన్నారు. ఆయన వెళ్లేనాటికి మూడు, నాలుగు తరగతుల్లో ఉన్నవాళ్లు ఆరు, ఏడుకు వెళ్లిపోయారు. ఇప్పుడు ఒకటి, రెండు, మూడు తరగతుల్లో ఉన్న పిల్లలను ఆయన చూడనే లేదు. రెండేళ్లు ఆలస్యమైంది.

ఆమె కొత్తగా నోటు పుస్తకం మొదలుపెట్టారు. ఒకటో తరగతి తాను తీసుకున్నారు, ఇది ఆ ఫోను మాటల ఫలితమో ఆమె సొంత నిర్ణయమో నేను అడగలేదు. అక్టోబరులో మెగా డీఎస్సీ ద్వారా వచ్చిన ఒక కొత్త టీచరమ్మ కూడా మాకు దక్కింది. మొదటి నెలలో తాను గమనించినది ప్రతి శనివారం ఆ పుస్తకంలో రాయాలని మేడం ఆమెకు చెప్పారు. ఏమి రాయకూడదో కూడా చెప్పారు. ఇంటి అప్పులు, తగాదాలు, ఎవరు ఎవరితో మాట్లాడరు అన్న సంగతులు అందులోకి రాకూడదు. పిల్లవాడి చదువుకూ, తిండికీ, రాకకూ సంబంధం ఉన్నంతవరకే రాయాలి. పెద్దాయన తలలో ఉన్న ఊరి పురాణానికీ, ఈ పుస్తకానికీ తేడా అదే. కమిటీలో ఒకరిద్దరు చూపించమని అడిగితే, ఎవరి పిల్లల పేజీ వారికే చూపిస్తానన్నారు. నాకు మా అబ్బాయి పేజీ చూపించారు. "అడిగితే తెలిసినా చెప్పడు. పక్కవాడికి చెప్పమంటే చెబుతాడు" అని ఉంది. అయిదేళ్లుగా ఇంట్లో మాకు తట్టని సంగతి అది.

గత నెల సమావేశంలో నేను ఒక తీర్మానం ప్రతిపాదించాను. ఈ పుస్తకం హెడ్మాస్టరు సొంతం కాదు, బడి ఆస్తి, చార్జి లిస్టులో చేరాలి అని. లిస్టులో ఉంటే కొత్తగా వచ్చేవారు దాన్ని చేతిలోకి తీసుకుని, ఉందో లేదో చూసి, టిక్కు పెట్టి సంతకం చేయక తప్పదు. కుర్చీ కోసం అరగంట వెతికినవారు పుస్తకం కోసమూ వెతుకుతారు. మేడం వెంటనే ఒప్పుకున్నారు. తాను ఎన్నాళ్లుంటారని అధ్యక్షురాలు అడిగితే, "చట్టం ప్రకారం ఎనిమిదేళ్లమ్మా, మా ఆయన ఉద్యోగం ప్రకారం చెప్పలేను" అన్నారు. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు.

తీర్మానం నా కొట్టులోనే టైపు చేశాను. చార్జి లిస్టులో చేరాలంటే ముందు స్టాకు రిజిస్టరులోకి ఎక్కాలి, అందులో వస్తువు పేరు, సంఖ్య, ధర అని మూడు గడులు ఉంటాయి. ధర గడి ఖాళీగా వదిలితే ఆడిట్‌లో అభ్యంతరం పెడతారని మేడం చెప్పారు. ప్లాస్టిక్ కుర్చీల కింద, గోడ గడియారం పైన, "పిల్లల వివరముల పుస్తకము, ఒకటి, అరవై రూపాయలు" అని రాశాము.